ప్యాటర్న్ నాదే, హక్కులు ఎవరివి?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లె. లేసు అల్లడం మా అత్తగారి దగ్గర నేర్చుకున్నాను. సొంతంగా ఒక కాటన్ టాప్ డిజైన్ చేసి, 4 సైజులకు లెక్కలు కట్టి ప్యాటర్న్ (ఏ వరుస ఎలా అల్లాలో చెప్పే సూచనలు) రాశాను. ముగ్గురు స్నేహితురాళ్లకు వాట్సాప్‌లో పంపితే అల్లి చూసి తప్పులు చెప్పారు. ఇప్పుడు ఒక చేతిపనుల పత్రిక 5 వేలు ఇస్తాం, అన్ని హక్కులూ మావే అని మెయిల్ పెట్టింది. టాప్ ముందు భాగంలో పైనాపిల్ డిజైన్ ఉంది, అది మా ఊళ్లో అందరూ అల్లేదే. కాపీరైట్ గొడవ వస్తుందా? సంతకం చేయొచ్చా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, ముందు ఆ మెయిల్‌కి 'సరే' అని జవాబు పెట్టకండి. మిగతాది తీరిగ్గా చూద్దాం.

పైనాపిల్ గురించి బెంగ వద్దు. చైన్, ట్రెబుల్, షెల్ లాంటి క్రోషే కుట్లు, పైనాపిల్ లాంటి డిజైన్లు ఎవరి సొత్తూ కావు. 1957 కాపీరైట్ చట్టం ఆలోచనను కాదు, దాన్ని మీరు కాగితం మీద పెట్టిన తీరును కాపాడుతుంది. "మెడ దగ్గర 96 చైన్లు వేసి రింగ్‌గా కలపండి, చంక దగ్గర ప్రతి నాలుగో వరుసలో 8 కుట్లు పెంచండి" అంటూ మీరు మీ మాటల్లో రాసిన వరుసలు, చేత్తో గీసిన చార్టు, తీసిన ఫొటోలు మీవి. రాసిన క్షణం నుంచే హక్కు వచ్చేసింది. అది మీరున్నంత కాలం, ఆ తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. రేపు కోర్టులో సాక్ష్యంగా పనికొస్తుందనుకుంటే 500 రూపాయల ఫీజు కట్టి చేయించుకోండి. పైనాపిల్ చార్టును మాత్రం ఏ పుస్తకం నుంచో ఫొటో తీసి అతికించి ఉంటే, తీసేసి మీరే కొత్తగా గీయండి.

నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కదా, అదే చాలదా అని మీ ప్రాంతం వాళ్లు నన్ను అడుగుతుంటారు. అది ఆ పేరుకు రక్షణ. మీ టాప్‌ను మీ సొంతం చేయదు.

అసలు చిక్కు టాప్ దగ్గర ఉంది. ప్యాటర్న్ కాపీ కొట్టడం వేరు, టాప్ చూసి అల్లేసి అమ్ముకోవడం వేరు. రెండోదాన్ని ఆపాలంటే 2000 డిజైన్ల చట్టం కింద రిజిస్టర్ చేయించాలి. చేయించగలిగి కూడా చేయించని డిజైన్‌ను పారిశ్రామిక పద్ధతిలో 50 కన్నా ఎక్కువసార్లు తయారుచేస్తే, దాని మీద కాపీరైట్ పోతుందని కాపీరైట్ చట్టం 15(2) చెబుతోంది. రీతూ కుమార్ పేరుతో దుస్తులు అమ్మే సంస్థ, బీబా అనే మరో దుస్తుల సంస్థ మీద వేసిన దావా 2016లో ఢిల్లీ హైకోర్టులో నిలబడనిది ఇక్కడే. మాది చేతిపని కదా అంటారేమో, డిజైన్ల చట్టం చేత్తో చేసేదాన్ని కూడా పారిశ్రామిక పద్ధతిలోనే కలిపింది.

రిజిస్టర్ అయితే 10 ఏళ్లు, పొడిగిస్తే ఇంకో 5 ఏళ్లు రక్షణ ఉంటుంది. కానీ దరఖాస్తు వేసేనాటికి డిజైన్ కొత్తదై ఉండాలి, ఎక్కడా బయటపడి ఉండకూడదు. పత్రిక అచ్చేశాక వెళ్తే లాభం లేదు. ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక్క ఫొటో పెట్టినా అంతే. మీ స్నేహితురాళ్ల విషయంలో చట్టం మీ పక్షాన ఉంది. నమ్మకంతో, బయటపెట్టకూడదన్న షరతుతో చూపిస్తే అది ప్రచురణ కిందికి రాదని డిజైన్ల చట్టం 16వ సెక్షన్ చెబుతోంది. "ఎవరికీ చూపించకండి" అని మీరు వాట్సాప్‌లో మెసేజ్ పెట్టి ఉంటే దాన్ని డిలీట్ చేయకండి. లేకపోతే ఇవాళే ముగ్గురి చేతా మేం ఎవరికీ చూపించలేదు, చూపించం అని రాయించి పెట్టుకోండి.

నా మాట అడిగితే, ప్యాటర్న్ మాత్రమే అమ్ముకునేవాళ్లకు ఈ ఖర్చు అక్కర్లేదు. టాపులు అల్లించి ఎగుమతి వ్యాపారులకు ఇచ్చే ఆలోచన ఉంటే మాత్రం ముందు దరఖాస్తు, తర్వాతే పత్రిక.

ఇక ఆ మెయిల్. హక్కుల బదిలీ రాతపూర్వకంగా, మీ సంతకంతో ఉంటేనే చెల్లుతుంది. అందులో ఏ హక్కులు, ఎన్నేళ్లు, ఏ ప్రాంతానికి, ఎంత డబ్బు అన్నవి ఉండాలి. కాలం రాయకపోతే చట్టం 5 ఏళ్లుగానూ, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేగానూ తీసుకుంటుంది. అందుకే పంపబోయే ఒప్పందంలో 'శాశ్వతంగా', 'ప్రపంచవ్యాప్తంగా' అనే రెండు మాటలు వెతకండి. అవి ఉంటే చట్టం ఇచ్చే ఈ అండ మీకు మిగలదు. 5 వేలకు మీ నెలల తరబడి లెక్కలు జీవితాంతం వాళ్లవైపోతాయి. నాకది అన్యాయంగా కనిపిస్తోంది. ఇంకొకటి, హక్కులు రాసిచ్చినా డిజైన్ చేసింది మీరేనని చెప్పుకునే హక్కు కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ కింద మీ దగ్గరే ఉంటుంది. పేరు వేయమని అడగడానికి మొహమాటపడకండి.

వాళ్లకు ఇలా రాయండి: "నా ప్యాటర్న్‌ను మీ పత్రికలో ఒక్కసారి ప్రచురించుకునే లైసెన్సు ఇస్తాను. సంచిక వచ్చిన 6 నెలల తర్వాత నేను విడిగా పీడీఎఫ్ అమ్ముకుంటాను. నా పేరు వేయాలి. అచ్చుకు ముందు ప్రూఫ్ నాకు చూపించాలి." ప్రూఫ్ మాట వదలకండి. మన ట్రెబుల్‌ను అమెరికావాళ్లు డబుల్ క్రోషే అంటారు. ఎవరైనా అది మార్చేస్తే టాప్ కొలతలన్నీ తప్పుతాయి, తిట్లు మీ పేరు మీదే పడతాయి.

రేపు మీ పీడీఎఫ్‌ను ఎవరైనా ఏదో సైట్‌లో ఉచితంగా పెడితే, ఆ సైట్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. 36 గంటల్లో దాన్ని అందకుండా చేయాలి. అది 21 రోజుల వరకే, ఆలోగా కోర్టు ఆర్డర్ తెచ్చుకోవాలి. దావా మీరు ఉంటున్న జిల్లా కోర్టులోనే వేయొచ్చు, వాళ్ల ఊరికి తిరగక్కర్లేదు. పత్రిక వాళ్లు ఒప్పందం పంపాక, సంతకం పెట్టే ముందు నాకు ఒక కాపీ పంపండి.