తనలో తాను మాట్లాడుకునే మనిషిని పిచ్చివాడని అనవచ్చా?

అనకూడదు. ఒడిశాలోని బరంపురంలో మా వీధి పెద్దాయన ఒకరు వేళ్లు మడుస్తూ, గొణుక్కుంటూ నడుస్తారు. పిల్లలు వెంటపడి నవ్వేవారు. ఒకరోజు పక్కన నడిచి విన్నాను: తెలుగులో పోగులు లెక్కపెడుతున్నారు. నలభై ఏళ్లు పట్టుమగ్గం ముందు కూర్చున్న మనిషి! తెలుగు రాని పిల్లలకు అది పిచ్చిగానే వినిపించింది. నాకు కళ్లు చెమర్చాయి.

వైద్యులు ఒక్క చేష్టను చూసి తేల్చరు. మునుపు ఎలా ఉండేవాడు, ఎప్పటినుంచి మారాడు, నిద్ర, తిండి, పని ఎలా ఉన్నాయి అని అడుగుతారు. ఏళ్ల తరబడి ఉన్న వింత అలవాటు కంటే నెల రోజుల్లో వచ్చిన మార్పునే ఎక్కువ పట్టించుకోవాలి. ఊరి కట్టుబాట్లకు, మత విశ్వాసాలకు ఒదగలేదని మానసిక జబ్బు అంటగట్టకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 3వ సెక్షన్ చెబుతోంది. జబ్బు ఉందని తేలినా, అంతమాత్రాన మతిస్థిమితం లేనట్టు కాదు. అది కోర్టు ప్రకటించాలి.

గుణం సంగతి వేరు. కోపం, పిసినారితనం రోగాలు కావు; రోగం వచ్చినవాడు చెడ్డవాడూ కాడు. చనిపోతానన్న మాట వినిపిస్తే మాత్రం ఆలస్యం చేయకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఫోను చేయండి, ఉచితం. తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడవచ్చు.