పెరట్లో కోళ్ల గూడు: మేనకోడలికి ఉత్తరం

పాపా,

నిన్న ఫోన్లో పన్నెండు వేలు పెట్టి రెడీమేడ్ ఇనుప గూడు కొంటున్నామని చెప్పావు. పది కోళ్లకు పన్నెండు వేల ఇల్లా అనిపించింది గానీ, పక్కన అల్లుడు ఉన్నాడని ఊరుకున్నాను. పాత సామానుతో, విరిగిన బండ ముక్కలతో గూడు మీరే కట్టుకోవచ్చు, ఎట్లాగో చెప్పడానికే ఈ ఉత్తరం. నువ్వు చదివాక అతనికీ ఇవ్వు. బండలు మోయాల్సింది అతనే కదా.

నాటుకోడికి పగలు గూడుతో పనిలేదు. తెల్లారి వదిలితే చెట్ల కింద, పెంటదిబ్బ మీద గీరుకుంటూ తిరిగి, పొద్దు గూకేసరికి తనంతట తనే వస్తుంది. గూడు రాత్రి కోసం, గుడ్డు కోసం, అంతే. అందం అక్కర్లేదు. లోపలికి ముంగిస దూరకూడదు, గాలి మాత్రం ఆడాలి. గాలి కోసం సందు వదిలితే ముంగిస వస్తుంది, ముంగిస భయంతో అంతా మూసేస్తే మే నెలలో కోళ్లు ఉడికిపోతాయి. ఈ తగవు తీర్చడమే గూడు కట్టడమంటే.

పాత సామానుతో కట్టమంటున్నాను గానీ, జాలీ మాత్రం కొత్తది కొను. నా మొదటి గూటికి ఆరు మూలల కన్నులుండే సన్న జాలీ కొట్టించాను, చవగ్గా వచ్చిందని. ఒక రాత్రి కుక్కలు కింది అంచు పట్టి లాగితే పాత చీర చిరిగినట్టు చిరిగింది. తెల్లారి చూస్తే తొమ్మిది పెట్టలు చచ్చి పడున్నాయి. తినింది రెండింటినే, మిగతావాటిని ఊరికే కొరికి పారేశాయి. మీ మామ ఆ రోజు సంగటి కూడా ముట్టలేదు. ఆ జాలీ కోడిని లోపల ఉంచుతుంది గానీ బయటిదాన్ని ఆపదని అప్పుడు తెలిసింది. అంగడికి పోతే అర అంగుళం కన్నుల వెల్డ్ మెష్ కావాలని అడుగు. ముంగిసకు తల పట్టే సందుంటే చాలు, ఒళ్లంతా పట్టినట్టే. జాలీని మేకులతో కొట్టి వదిలేయకుండా, అంచు మీద చెక్క పట్టీ పెట్టి బిగించమను. జాలీ, గొళ్లేలు, కట్టుతీగ, ఈ మూడే కొన్నాను నేను. రెండు వేలు దాటలేదు.

ఇక గోడలు. మన సీమకు దేవుడు వానలివ్వలేదు గానీ బండలిచ్చాడు. ఇక్కడ తాడిపత్రిలో పాలిష్ బండల ఫ్యాక్టరీల వెనక విరిగిన ముక్కలు గుట్టలుగా పడుంటాయి. అటు బేతంచర్లలోనూ అంతే. అడిగితే ఊరికే ఇస్తారు, కొందరు ఎత్తుకుపొండి అని బతిమాలతారు. ట్రాక్టర్ బాడుగే ఖర్చు. నేలంతా ఆ ముక్కలు పరిచి సందుల్లో సిమెంటు పూయండి. పందికొక్కు కింద నుంచి తవ్వుకొచ్చినా బండ తగిలి వెనక్కి పోతుంది. రెండున్నర అడుగుల ముక్కలు దొరికితే చుట్టూ నిలువుగా పాతండి, అడుగు లోతు భూమిలో, అడుగున్నర పైకి. ఆపైన జాలీ. బండ అంచులు కత్తిలా ఉంటాయి, అల్లుణ్ణి చెప్పుల్లేకుండా మోయనీకు.

నాలుగు మూలలకూ ఒక్కో రాతి కూసం, అదే రాతి స్తంభం, పాతండి. ద్రాక్ష తోటలు తీసేసిన చోట పాతవి దొరుకుతాయి. కట్టెకైతే రెండేళ్లలో చెదలు పడుతుంది, రాతికి ఆ బాధ లేదు. పది కోళ్లకు ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు సరిపోతుంది. తలకు రెండు చదరపు అడుగులు లెక్క వేసుకో. పొడవు తూర్పు పడమరలుగా ఉండాలి. అప్పుడు పొడుగు పక్కలు ఉత్తరానికి, దక్షిణానికి వస్తాయి, అవి రెండూ జాలీ. తూర్పు, పడమర పొట్టి పక్కలు మూసెయ్. పడమటి పక్కకు మీ వీధిలో కూల్చిన ఇంటి పాత తలుపు రెక్క అయినా చాలు. ఇట్లా కడితే సాయంత్రం ఎండ లోపలికి రాదు. మీ పెరట్లో ఆ వేపచెట్టు ఉంది కదా, దాని నీడకే కట్టు.

పాత చెక్క గురించి మాత్రం కొంచెం జాగ్రత్త. చవగ్గా వచ్చిందని తెచ్చుకుంటే, దాని పగుళ్లలో పిడుదులు కూడా వెంట రావచ్చు. పిడుదులు పగలంతా పగుళ్లలో దాక్కుని రాత్రి కోడి నిద్రపోయాక వచ్చి రక్తం తాగుతాయి. పగలు కోడిని ఎత్తి చూస్తే ఏమీ కనబడదు, అది మాత్రం రోజురోజుకీ తేలికైపోతుంది. నేను మందులని, దిష్టని నెల తిప్పలు పడ్డాక ఒక రాత్రి టార్చి వేసి చూస్తే, కోళ్లు పడుకునే కర్ర కమ్మీ కింద బారులు తీరి కనిపించాయి. అందుకే చెక్క తెచ్చిన రోజే సలసల కాగే నీళ్లు పోసి, ఎండలో మూడు రోజులు పడెయ్. తర్వాత పగుళ్లలోకి దిగేట్టు చిక్కటి సున్నం కొట్టు. ఏటా ఉగాదికి ఇంటికి సున్నం కొట్టేటప్పుడు గూటికీ కొట్టు.

వద్దనేవి ఇంకో రెండున్నాయి. పాత సిమెంటు రేకులు ఎవరైనా ఊరికే ఇస్తామన్నా తేవద్దు. అందులో ఆస్బెస్టాస్ ఉంటుంది, కోస్తేనో పగలగొడితేనో లేచే దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. పురుగుమందు డబ్బాలు ఎన్నిసార్లు కడిగినా నీళ్లు పెట్టడానికి పనికిరావు. మట్టి చిప్ప పెట్టు, నీళ్లు చల్లగా కూడా ఉంటాయి.

కప్పుకు పాత ఇనుప రేకు ఫర్వాలేదు. కానీ ఒట్టి రేకు కింద కోడిని పెడితే పెనం కింద పెట్టినట్టే. కోడికి చెమట పట్టదు పాపా, ఎక్కువగా నోరు తెరిచి రొప్పే వేడి పోగొట్టుకుంటుంది. రేకు మీద ఒక పాత ఫ్లెక్సీ పరిచి, పైన బోదగడ్డో కొబ్బరి మట్టలో జానెడు మందాన వెయ్యి. మా గూటి మీద ఎలక్షన్లప్పటి ఫ్లెక్సీ ఉంది. గాలికి గడ్డి జరిగినప్పుడల్లా ఒక నాయకుడు చేతులు జోడించి నవ్వుతాడు. కోళ్లు పట్టించుకోవు. వేసవిలో మధ్యాహ్నాలు జాలీ పక్క తడి గోనెసంచి వేలాడదియ్యి. అదే సంచి ధనుర్మాసం రాత్రుల్లో పొడిగా దించుకోవచ్చు.

రాళ్లు పెడితే రేకు నిలుస్తుందని అల్లుడు అంటాడేమో. రామగిరి కొండల మీద అన్ని గాలిమరలు ఊరికే పెట్టలేదని చెప్పు. ఆషాఢం గాలికి రేకు లేచిందంటే పక్కింటి డాబా మీద పడుతుంది. కట్టుతీగతో కూసాలకే బిగించి కట్టాలి.

లోపల పని తక్కువే. రెండంగుళాల లావు గుండ్రటి కమ్మీలు నేలకు రెండడుగుల ఎత్తున వెయ్యి, అన్నీ ఒకే ఎత్తులో. మెట్లు మెట్లుగా వేస్తే పై కమ్మీ కోసం రోజూ కొట్లాటే, కింద పడుకున్నదాని మీద పైదాని రెట్ట. కోడికి ముప్పావు అడుగు చోటు చాలు. గుడ్లకు అంచు విరిగిన టమాటా క్రేట్లు మార్కెట్ యార్డులో అడుగు. పక్కకు పడుకోబెట్టి, పైన గోనెపట్టా కప్పి, ఎండుగడ్డి వేస్తే పెట్టకు అంతకంటే ఏం కావాలి. చీకటిగా, మూలగా ఉండాలి, లేదంటే పక్కింటి వామిలో పెట్టి వస్తాయి. నాలుగైదు పెట్టలకు ఒకటి చొప్పున రెండు క్రేట్లు చాలు.

నేల మీద నాలుగంగుళాల మందాన శెనక్కాయ పొట్టు పరుచు. నూనె మిల్లులో సంచుల లెక్కన ఇస్తారు. పూర్తిగా ఎండినదే తీసుకో, బూజు వాసన వస్తే అక్కడే వదిలెయ్. వారానికోసారి కెలుకు, తడి అంటిన చోట తీసి కొత్తది వెయ్యి. తీసిన పొట్టు వెంటనే మొక్కలకు వేస్తే మాడిపోతాయి. గుంతలో మూడు నాలుగు నెలలు మాగనిస్తే మీ కరివేపాకుకు మంచి ఎరువు.

తలుపు విషయంలో నేను చేసిన తప్పు నువ్వు చెయ్యకు. కోడి పట్టేంత తలుపు పెట్టించుకున్నాను. ఊడ్చాలంటే పాకాలి. మనిషి వంగి నడుం దాకా లోపలికి రాగలిగేంత పెట్టు, పాత కిటికీ రెక్క సరిగ్గా సరిపోతుంది. కిటికీ చువ్వల మీద కూడా జాలీ కొట్టు మరి. గొళ్లేలు రెండు, పైనొకటి కిందొకటి.

సంతలో కొన్న కోళ్లను నేరుగా గూట్లోకి తోలకు. రెండు వారాలు గంప కింద వేరుగా ఉంచి చూడు. కొక్కెర తెగులు వచ్చిందంటే ఎంత మంచి గూడైనా వారంలో ఖాళీ. పశువుల ఆసుపత్రిలో అడిగి టీకాలు వేయించు. పిల్లలకు మొదటి వారంలో చుక్కలు, రెండు నెలలప్పుడు సూది.

ఇక్కడ నల్లపెట్ట పదమూడు గుడ్ల మీద కూర్చుంది. ఆదివారానికి 21 రోజులు. నాలుగు పిల్లలు నీకే, కాస్త ఈకలు వచ్చాక పంపిస్తా. బండలకు ట్రాక్టర్ ఎప్పుడు కావాలో అల్లుణ్ణి ఫోన్ చేయమను. గూడు అయ్యాక కోళ్లను తోలే ముందు ఒక రాత్రి లోపల టార్చి వెలిగించి, బయట నుంచి చుట్టూ తిరిగి చూడు. బండకూ జాలీకీ మధ్య ఎక్కడ గీతలా వెలుగు వస్తే అక్కడ సిమెంటు పెట్టు.

మీ అత్త,
తాడిపత్రి