మలేరియా దోమను గుర్తుపట్టడం ఎలా? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాది పాడేరు వైపు గెడ్డ పక్కన ఊరు. వానలు పడితే చలిజ్వరాలు మొదలవుతాయి. వెనక భాగం పైకెత్తి ఏటవాలుగా వాలేదే మలేరియా దోమ అంటారు. అది చూసి తేల్చెయ్యొచ్చా? – ఒక ఆశా కార్యకర్త

జవాబు: తేల్చెయ్యకండి. అలా వాలేది అనాఫిలిస్ (మలేరియా మోసే జాతులున్న దోమల వర్గం) అని చెప్పొచ్చు గానీ అందులో ఏ జాతో తెలియదు. పైగా మన పల్లెల్లో మలేరియాను ఎక్కువగా మోసే క్యూలిసిఫేసిస్ అనే అనాఫిలిస్ జాతి అంత ఏటవాలుగా వాలదు, చూడటానికి మలేరియా మోయని క్యూలెక్స్ దోమలాగే ఉంటుంది. వాలిన తీరు ఒక్కటే నమ్ముకుంటే అసలుదే చేజారుతుంది.

పది రెట్లు పెద్దగా చూపే భూతద్దంతో తల చూడండి. మీసాలు ఈకల్లా గుబురుగా ఉంటే మగది, పక్కన పెట్టెయ్యండి. ఆడదాని తొండానికి రెండు పక్కలా ఉండే పాల్పులు తొండమంత పొడవుంటే అనాఫిలిస్, బాగా పొట్టిగా ఉంటే మలేరియా మోయని క్యూలెక్సో ఏడిసో.

జాతి చెప్పాలంటే స్టీరియో మైక్రోస్కోపు కావాలి. రెక్కలో కొస దగ్గర రెండుగా చీలే ఈనెలు రెండుంటాయి. వాటి నడుమ చీలకుండా పోయేది మూడో ఈనె. దాని మీద పొలుసులు చాలావరకు నల్లగా ఉంటే క్యూలిసిఫేసిస్ అనీ, చాలావరకు తెల్లగా ఉంటే ఫ్లూవియాటిలిస్ అనీ అనుమానించి, మిగతా గుర్తులు సరిచూడాలి. మొదటిది ఇసుక చెలమల్లో, వాననీటి గుంటల్లో, సాగునీటి కాలువల్లో పెరుగుతుంది. రెండోది మీ గెడ్డ లాంటి చోట, నెమ్మదిగా పారే నీటి అంచు గడ్డిలో పెరుగుతుంది. పాల్పుల మీదా కాళ్ల మీదా తెల్లచుక్కలు చల్లినట్టుంటే స్టీఫెన్సి, ప్రధానంగా పట్నాల నీళ్లట్యాంకుల దోమ.

క్యూలిసిఫేసిస్‌లోనే ఏ, బి, సి, డి, ఇ అని అయిదు సోదర జాతులున్నాయి. పైకి తేడా తెలియదు, పీసీఆర్ అనే డీఎన్‌ఏ పరీక్ష చెయ్యాల్సిందే. వీటిలో బి మలేరియా మోయడంలో బాగా వెనకబడింది.

ప్రశ్న: పశువుల శాలలో దోమలు కుప్పలుగా దొరుకుతున్నాయి, ఇంట్లో రెండో మూడో. జ్వరాలకు శాలే కారణమా?

జవాబు: ఎక్కువ దొరికిందే దోషి అనుకోవడం ఈ పనిలో తరచూ జరిగే పొరపాటు. శాలలో కుప్పలుగా ఉండేది చాలాసార్లు సబ్‌పిక్టస్ అనే మరో అనాఫిలిస్ జాతి. మన లోపలి పల్లెల్లో మలేరియాకు దాన్ని పెద్దగా లెక్కలోకి తీసుకోరు. క్యూలిసిఫేసిస్‌కీ పశువుల రక్తమే ఎక్కువ ఇష్టం. ఫ్లూవియాటిలిస్‌లో ఎస్ అనే సోదర జాతి మాత్రం మనిషినే వెతుక్కుంటుంది. అది ఇంట్లో రెండే దొరికినా తేలిగ్గా తీసుకోవద్దు.

ఉదయం 6 నుంచి 8 లోపు టార్చి, ఆస్పిరేటర్ (దోమను పీల్చి పట్టే గొట్టం) పట్టుకుని ఇంట్లోనూ శాలలోనూ సమానంగా పావుగంట చొప్పున వెతకండి. సమయం సమానం కాకపోతే అంకెలు పోల్చలేం. పొట్ట ఎర్రగా నిండినవాటిని ఫిల్టర్ పేపరు మీద నలిపి ఆరబెట్టి పంపితే, అది మనిషి రక్తమో పశువుదో ల్యాబులో చెబుతారు.

దోమ మలేరియా అంటిస్తుందనడానికి చివరి రుజువు దాని లాలాజల గ్రంథుల్లో ఉంటుంది. అప్పుడే చంపిన దోమను సెలైన్ చుక్కలో పెట్టి సూదితో తలను మెల్లగా లాగితే గ్రంథులు వెంట వస్తాయి. గట్టిగా లాగితే తెగి లోపలే ఉండిపోతాయి. కవర్‌స్లిప్ వేసి నొక్కి 400 రెట్లలో చూస్తే స్పోరోజాయిట్లు (మనిషికి అంటుకునే దశలోని మలేరియా క్రిములు) సన్నటి కొడవళ్లలా కనిపిస్తాయి. 1897లో సికింద్రాబాద్‌లో దోమలో మలేరియా క్రిమిని కనుగొన్న రొనాల్డ్ రాస్ చూసింది వీటిని కాదు, దోమ కడుపు గోడ మీద ఆ క్రిమి కట్టే బుడిపెలను. ఆ బుడిపెలు ఒక్కటే ఉంటే దోమ ఇంకా అంటించే దశకు రానట్టే. వందల దోమలు కోసినా స్పోరోజాయిట్లున్నది ఒక్కటీ దొరక్కపోవచ్చు, అందుకని ఊళ్లో మలేరియా మోసే దోమ లేదని రాసెయ్యకండి. ఎండబెట్టిన దోమల తల, రొమ్ము భాగాలను ఎలైజా అనే ల్యాబు పరీక్షకు పంపండి.

ప్రశ్న: దాచిన దోమలకు బూజు పట్టింది. స్పిరిట్‌లో వెయ్యొచ్చా?

జవాబు: రెక్కలు చూడాల్సిన దోమను స్పిరిట్‌లో వెయ్యొద్దు, పొలుసులు ఊడిపోతాయి. సీసా అడుగున సిలికా జెల్, దానిపై పల్చగా దూది, ఆపైన కాగితం బిళ్ల, దాని మీద ఒక్కటే దోమ. నీలిరంగు జెల్ గులాబీ రంగుకు తిరిగితే మార్చండి. బూజు పట్టేది తేమ వల్లే. చీటీ మీద ఊరు, తేదీ, గంట, ఇల్లా శాలా అన్నది పెన్సిల్‌తో రాయండి. పెన్ను సిరా తడికి చెదిరిపోతుంది.