న్యాయమూర్తి జీవితచరిత్ర రాయబోయే మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా పనిచేసిన డేవిడ్ డేవిస్ వృత్తి జీవితంపై సిద్ధాంత వ్యాసం రాయబోతున్నావని తెలిసి ఎంతో సంతోషించాను. ఆయన పేరెత్తగానే అందరూ లింకన్ స్నేహితుడంటారు. నీవూ అక్కడే ఆగిపోతే ఆయనలోని న్యాయమూర్తి నీకు కనిపించడు. మేరీల్యాండ్‌లో 1815లో పుట్టడం, ఇల్లినాయ్‌లోని బ్లూమింగ్టన్‌లో ప్లీడరుగా స్థిరపడటం, కొంతకాలం రాష్ట్ర శాసనసభ్యుడిగా ఉండటం ఒక పేజీలో ముగించు.

1848 నుంచి 1862 దాకా ఎనిమిదో సర్క్యూట్ జడ్జిగా ఆయన తిరిగిన తిరుగుడును మాత్రం తీరిగ్గా రాయాలి. జడ్జీ, వకీళ్లూ కలిసి బురదదారుల్లో ఊరూరా ప్రయాణించి, ఒకే సత్రంలో భోంచేసి, ఇరుకు గదుల్లో సర్దుకుని పడుకుని, తెల్లవారగానే ఒకరు బెంచి ఎక్కితే మిగిలినవారు ఎదురెదురు పక్షాల తరఫున వాదించేవారు. లింకన్ ఆయన ఎదుట వాదించినదీ అక్కడే. ఈ భాగానికి ఇతరులు చెప్పిన కథలకంటే, భార్య సారాకు ఆయన దారిలో రాసిన ఉత్తరాలను నమ్ముకో.

1860లో షికాగోలో జరిగిన రిపబ్లికన్ పార్టీ సభలో లింకన్‌కు అధ్యక్ష అభ్యర్థిత్వం దక్కేలా నడిపించినవాడు డేవిస్. 1862లో ఆయనను సుప్రీంకోర్టుకు నియమించినవాడు లింకన్. ఈ సంబంధాన్ని దాచకుండా చెప్పి, వెంటనే మిలిగన్ కేసులోకి వెళ్లు. అమెరికా అంతర్యుద్ధ కాలంలో, లింకన్ ప్రభుత్వ హయాంలోనే, ఇండియానాలో మామూలు కోర్టులు పనిచేస్తుండగా, సైనికుడు కాని మిలిగన్‌ను సైనిక కమిషన్ విచారించి 1864లో ఉరిశిక్ష వేసింది. అది చెల్లదని 1866లో తీర్పు రాసినది డేవిసే. రాజ్యాంగం యుద్ధంలోనూ శాంతిలోనూ పాలకులకూ ప్రజలకూ సమానంగా వర్తించే చట్టమని ఆయన రాసిన వాక్యం ఇన్నేళ్ల ప్లీడరీ తర్వాత కూడా నన్ను కదిలిస్తుంది. అయినా, ఆ తీర్పు యుద్ధం ముగిశాకే వచ్చిందన్న విమర్శను వదిలిపెట్టకు; యుద్ధకాలపు ఉద్రేకాలు ప్రశాంతమైన ఆలోచనకు తావివ్వలేదని తీర్పులో ఆయనే ఒప్పుకున్నారు. మిలిగన్ విడుదలకు తొమ్మిదిమంది న్యాయమూర్తులూ అంగీకరించినా, కాంగ్రెస్‌కు సైతం అటువంటి విచారణకు అనుమతి ఇచ్చే అధికారం లేదన్న మాట దగ్గర నలుగురు విడిపోయారు. ఆ నలుగురి అభిప్రాయాన్నీ పూర్తిగా చదువు.

1877 నాటి అధ్యక్ష ఎన్నికల వివాదంలో, ఏడుగురు రిపబ్లికన్లు ఇటూ ఏడుగురు డెమొక్రాట్లు అటూ ఉన్న, వివాదం తేల్చవలసిన కమిషన్‌కు పదిహేనో సభ్యుడు ఆయనే అవుతారని అనుకున్నారు. అంతలో ఇల్లినాయ్ శాసనసభ ఆయనను సెనేటర్‌గా ఎన్నుకోవడంతో ఆయన ఆ బాధ్యతను నిరాకరించగా, ఆ స్థానంలోకి సుప్రీంకోర్టు న్యాయమూర్తి బ్రాడ్లీ వచ్చారు. కమిషన్‌లో 8–7 ఓట్లతో రిపబ్లికన్ అభ్యర్థి హేస్ నెగ్గారు. డేవిస్ తప్పించుకున్నారని రాయదలిస్తే, అందుకు తగిన సాక్ష్యం చూపి రాయి.

మిలిగన్ అధ్యాయం పూర్తికాగానే నాకు పంపు.

నీ మామయ్య