ఎవరైనా చూస్తుంటే కోడ్ రాయలేకపోతున్నాను

ప్రశ్న: నాలుగేళ్లుగా బ్యాకెండ్ (యాప్ వెనక సర్వర్‌లో నడిచే కోడ్) పని చేస్తున్నాను. ఎంత తిరకాసు బగ్ అయినా పట్టుకుంటానని టీమ్‌లో పేరుంది. ఉద్యోగం మారదామని మూడు ఇంటర్వ్యూలకు వెళితే మూడూ పోయాయి. పోయినసారి అడిగింది తేలికైనదే: నంబర్ల లిస్టులో ఏ రెండు కలిపితే ఫలానా మొత్తం వస్తుందో చెప్పాలి. స్క్రీన్ షేర్ చేసి, అవతలాయన చూస్తున్నారనుకోగానే బుర్ర మొద్దుబారిపోయింది. పది నిమిషాలు నోరు పెగల్లేదు. కాల్ అయిపోయాక ఐదు నిమిషాల్లో రాసేశాను. నాకు నిజంగా పని రానట్టేనా మేడమ్?
– ఒక పాఠకురాలు

జవాబు: పని రాకపోతే కాల్ పెట్టేశాక మాత్రం ఎలా వస్తుందమ్మా? మీకు వచ్చు. ఒకరు చూస్తుండగా చేయడం మాత్రం అలవాటు కాలేదు. ఆ రెండూ వేరు.

నా మాట ఒక్కటే నమ్మనక్కర్లేదు. 2020లో నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ, మైక్రోసాఫ్ట్ పరిశోధకులు 48 మంది కంప్యూటర్ సైన్స్ విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. కొందరు వైట్‌బోర్డు మీద, ఎదురుగా ఒకరు చూస్తుండగా, పైకి చెబుతూ చేయాలి. మిగతావాళ్లు గదిలో ఒంటరిగా చేసుకోవచ్చు. ఎదురుగా మనిషి ఉన్నవాళ్ల పనితనం సగానికి పైగా పడిపోయింది. అందులో ఆడపిల్లలైతే ఒంటరిగా చేసినవాళ్లంతా గట్టెక్కారు, ఎదురుగా మనిషి ఉన్నవాళ్లలో ఒక్కరూ గట్టెక్కలేదు. సంఖ్య చిన్నది కాబట్టి దాన్నిబట్టి తీర్పులివ్వకూడదని పరిశోధకులే అన్నారు. అయినా అది చదివిన రోజు నాకు చాలా బాధేసింది. ఆరేళ్లుగా ఇంటర్వ్యూలు చేస్తున్నాను, ఎంతమందిని అలా పోగొట్టుకున్నానో అని.

మా వైపు నుంచి చూస్తే మీ పది నిమిషాల మౌనం ఎలా ఉంటుందో చెబుతాను. మీ బుర్రలో ఏం నడుస్తోందో మాకు తెలియదు. నోట్స్‌లో రాయడానికి ఏమీ ఉండదు. అందుకే మొదట తట్టిన మోటు పద్ధతినైనా పైకి చెప్పేయండి: "ప్రతి నంబరునూ మిగతా అన్నిటితో కలిపి చూస్తాను. పది వేల నంబర్లుంటే దాదాపు ఐదు కోట్ల జతలవుతాయి, నెమ్మది. చూసిన నంబర్లను హ్యాష్ మ్యాప్‌లో (ఏ నంబరు అడిగినా ఉందో లేదో వెంటనే చెప్పే పట్టికలో) పెట్టుకుంటూ పోతే ఒక్కసారి లిస్టు తిరిగితే చాలు." ఈ నాలుగు ముక్కలు వింటే సగం ఇంటర్వ్యూ అయిపోయినట్టే నాకు. కోడ్ ఆ తర్వాతి సంగతి.

ఈమధ్య ఒకబ్బాయి బైనరీ సెర్చ్ రాశాడు. అంటే వరసలో ఉన్న నంబర్లను ప్రతిసారీ సగానికి తగ్గించుకుంటూ వెతకడం; వెతికే చోటు మొదలును 'లో' అని, మధ్యను 'మిడ్' అని అంటారు, స్థానాలను సున్నా నుంచి లెక్కపెడతారు. రన్ చేస్తే లూప్ (అదే పనిని మళ్లీ మళ్లీ చేసే భాగం) ఆగలేదు. ముఖం పాలిపోయింది. కాసేపాగి, "నాకు ఇక్కడ అనుమానంగా ఉంది, రెండే నంబర్లు మిగిలితే ఏమవుతుందో చూస్తాను" అని కామెంట్‌లో 3, 7 అని రాసుకున్నాడు. ఏడు కోసం వెతుకుతూ ఒక్కో లైనూ చదివాడు. "'మిడ్' సున్నా. మూడు చిన్నది, కాబట్టి 'లో' కూడా 'మిడ్'... అంటే మళ్లీ సున్నాయే!" 'లో' దగ్గర 'మిడ్ ప్లస్ వన్' అని దిద్దాడు. రెండో ప్రశ్నకు టైం మిగల్లేదు. ఆ రౌండుకు నేను 'తీసుకోవచ్చు' అనే రాశాను. రేపు మా కోడ్ అర్ధరాత్రి పడిపోతే నాకు పక్కన కావలసింది అలాంటి మనిషే.

సిస్టమ్ డిజైన్ రౌండుకూ (పెద్ద అప్లికేషన్‌ను ఎలా కట్టాలో బొమ్మ గీసి చెప్పే రౌండు) ఇదే వర్తిస్తుంది. బొమ్మ గీసేముందు ఎంతమంది వాడతారో, డేటా చదవడం ఎక్కువా రాయడం ఎక్కువా అని అడగండి.

ఇక సాధన. ఒంటరిగా ఇంకో వంద ప్రాబ్లమ్స్ చేసినా మీ ఇబ్బంది తీరదు. ఇంట్లో ఎవరినైనా పక్కన కూర్చోబెట్టుకోండి, వాళ్లకు ప్రోగ్రామింగ్ రాకపోయినా ఫర్వాలేదు. టైమర్ 45 నిమిషాలకు పెట్టి, పైకి చెబుతూ రాయండి. మొదటి రెండు మూడు సార్లు గొంతు వణుకుతుంది, వణకనివ్వండి. నిజం ఇంటర్వ్యూలో బుర్ర ఆగిపోతే "ఒక్క నిమిషం ఆలోచించుకుంటాను" అని అడగండి. నన్నడిగిన ఎవరికీ నేను కాదనలేదు.

ఇంకొకటి. మీరు మాట్లాడుతుంటే అవతల కీబోర్డు టకటకమంటుంది. తప్పులు ఎంచుతున్నారేమోనని చాలామంది అక్కడే ఆగిపోతారు. ఆపకండి, నేను టైపు చేస్తున్నది మీరు చెప్పిన మాటలే.