కొత్తదని చెప్పి వాడిన ఈసీఎం బిగించాడు, కేసు వేయవచ్చా?

ప్రశ్న: మాది తెనాలి. 2011 మోడల్ డీజిల్ కారు ఉంది. మా నాన్నగారు రిటైరైన డబ్బుతో కొన్నది, ఆయన పోయాక అమ్మబుద్ధి కాలేదు. సరిగా స్టార్ట్ కావడం లేదని విజయవాడలో ఒక గ్యారేజీకి ఇస్తే, ఇంజిన్ కంప్యూటర్ (ఈసీఎం) పోయింది, కొత్తది వేయాలన్నాడు. 2024 ఏప్రిల్ 6న 44,500 రూపాయలు ఇచ్చి బండి తెచ్చుకున్నాను. 30,000 ఫోన్‌పే, మిగతాది నగదు. బిల్లు లేదు, చీటీ మీద 'ఈసీఎం కొత్తది' అని రాసిచ్చాడు. నెల తిరక్కుండానే దారిలో ఆగిపోవడం మొదలైంది. మా అమ్మాయి పెళ్లిచూపుల రోజున మంగళగిరి దగ్గర నడిరోడ్డు మీద నిలబెట్టేసింది. ఆ సంబంధం తప్పిపోయింది. గ్యారేజీ అతను రేపు, మాపు అంటూ తిప్పాడు. రెండు లాయరు నోటీసులకు జవాబు లేదు. మొన్న నవంబరులో మా ఊరి ఎలక్ట్రీషియన్ స్కానర్ పెట్టి, ఇందులో వేరే బండి చాసిస్ నంబరు చూపిస్తోందన్నాడు. 9,000 ఇస్తే ఆ డబ్బా విప్పి బాగుచేస్తానంటున్నాడు. మా బావమరిదికి స్పేర్ పార్టుల షాపు ఉంది. బిల్లు లేదని బాధపడొద్దు, ఆ తేదీతో ఈసీఎంకి జీఎస్టీ బిల్లు ఇస్తానంటున్నాడు. పది లక్షలకు కేసు వేద్దామనుకుంటున్నాను. నాకు న్యాయం జరుగుతుందా?

జవాబు: మీరు రాసిన మూడు పేజీల ఉత్తరంలో పెళ్లిచూపుల సంగతే ఒకటిన్నర పేజీ ఉంది. కేసును నిలబెట్టే మాట మాత్రం ఒక్క లైను: 'వేరే బండి చాసిస్ నంబరు చూపిస్తోంది'. దాని గురించే మాట్లాడుకుందాం.

బండి ఆగిపోతోందని కేసు వేస్తే ఓడిపోతారు. అవతలి లాయరు లేచి, పదమూడేళ్ల డీజిల్ బండి ఆగక ఏం చేస్తుంది, వైరింగ్ కావచ్చు, క్రాంక్ సెన్సర్ కావచ్చు, బ్యాటరీ ఎర్త్ కావచ్చు, ఈసీఎం వల్లే అనడానికి రుజువేది అంటాడు. మీ దగ్గర జవాబు లేదు. 'కొత్తదానికి డబ్బు తీసుకుని వాడినది బిగించాడు' అని వేస్తే బండి వయసుతో ఎవరికీ పని ఉండదు. ఈసీఎంలో మరో బండి నంబరు ఉందంటే అది అంతకుముందు ఆ బండిలో ఉండి వచ్చిందనేగా. అప్పుడు సంజాయిషీ చెప్పుకోవాల్సింది గ్యారేజీ అతనే.

వాడిన ఈసీఎం వేయడమే నేరం అనుకోకండి. ఆటోనగర్‌కి వెళ్లి తెలిసే వేయించుకునేవాళ్లు బోలెడుమంది. కొత్తదని చెప్పడమే ఇక్కడి తప్పు. ఆర్టీఏ వాళ్లకు చెప్పకుండా మార్పించానే అన్న టెన్షన్ కూడా వద్దు. ఆర్సీలో ఉండేవి చాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు. ఈసీఎం నంబరు అందులో ఉండదు.

ఇక మీ నిర్లక్ష్యం. అంత డబ్బు ఇచ్చి బిల్లు అడగలేదు. విప్పిన పాత ఈసీఎం అడిగి తెచ్చుకోలేదు, అసలు అది పోయిందో లేదో ఇప్పుడు తేల్చే దారి లేదు. ఎలక్ట్రీషియన్ స్కానర్ తెర మీద మీ కేసు మొత్తం కనిపిస్తుంటే, చేతిలో ఫోన్ పెట్టుకుని ఒక్క ఫోటో తీయలేదు. ఆ చీటీ అయినా ఉందా, పారేశారా? అదీ రాయలేదు.

గడువు సంగతి మరీ ముఖ్యం. వినియోగదారుల రక్షణ చట్టం 2019లోని 69వ సెక్షన్ ప్రకారం, వివాదానికి కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు వేయాలి. నోటీసు ఇస్తే ఆ గడువు ఆగదు. రెండు ఇచ్చినా, పది ఇచ్చినా ఆగదు. మోసం నవంబరులో బయటపడింది కాబట్టి అప్పటి నుంచి లెక్కించాలని వాదించవచ్చు, ఆలస్యానికి సరైన కారణం చూపి మన్నించమనీ అడగవచ్చు. అవి గడువు దాటినవాళ్లు పట్టుకునే కొమ్మలు. మీకు ఇంకా టైముంది. బండి చేతికొచ్చిన రోజు నుంచే లెక్కపెట్టుకుని 2026 ఏప్రిల్ 5లోపు వేసేయండి. ఆరోజు ఆదివారం, కాబట్టి మార్చిలోనే పని ముగించండి.

మీ బావమరిది బిల్లు మాత్రం ముట్టుకోవద్దు. ఈసీఎం ఆయన షాపులో కొన్నట్టు బిల్లు పెడితే, గ్యారేజీ అతను సామాను అమ్మనే లేదని మీరే ఒప్పుకున్నట్టు. అతను కూలి పని చేశాడంతే అవుతుంది, కేసు అక్కడికక్కడే ముగుస్తుంది. పైగా బిల్లు పుస్తకంలో వరుస నంబర్లు ఉంటాయి. 2024 ఏప్రిల్ బిల్లుకు ముందు వెనకల బిల్లులు తెమ్మంటే మీ బావమరిది ఎక్కడి నుంచి తెస్తాడు? వినియోగదారుల కమిషన్ విచారణ కూడా చట్టం దృష్టిలో న్యాయ విచారణే. అందులో దొంగ సాక్ష్యం సృష్టిస్తే భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు జైలు పడవచ్చు. 44,500 కోసం బావా బావమరుదులిద్దరూ బోనెక్కుతారా?

9,000 అడుగుతున్న ఎలక్ట్రీషియన్ చేత డబ్బా మూత కూడా తీయించకండి. విప్పాక అందులో ఏముందో, ఎవరు మార్చారో చెప్పలేం.

ముందు బండిని ఆ కంపెనీ సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లి స్కాన్ చేయించండి. జాబ్ కార్డు రాయించి, అందులో బండి చాసిస్ నంబరు, ఈసీఎం చూపిస్తున్న నంబరు, లేబుల్ మీది పార్ట్ నంబరు, సీరియల్ నంబరు అన్నీ ఉండేలా చూడండి. లేబుల్ బండిలో ఉండగానే ఫోటో తీయండి. మీ ఎలక్ట్రీషియన్ చేత నవంబరులో ఏం చూశాడో అఫిడవిట్ రాయించండి. రాయనంటే బలవంతం వద్దు, జాబ్ కార్డు చాలు. 30,000 చెల్లింపుకు బ్యాంకు స్టేట్‌మెంట్ తెచ్చుకోండి. నగదు 14,500కు ఆ చీటీయే ఆధారం. గ్యారేజీ అతనితో వాట్సాప్ సందేశాలుంటే డిలీట్ చేయకుండా, భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ సర్టిఫికెట్‌తో (ఫోన్‌లోని సమాచారాన్ని ధ్రువీకరించే పత్రం) జతచేయండి. ఫోన్ మార్చే ఆలోచన ఉంటే వాయిదా వేయండి. బండి లేక గడవదంటే మరో ఈసీఎం బిల్లుతో కొని వేయించుకోండి. తీసినదాన్ని కవర్లో పెట్టి సీలు వేసి బీరువాలో దాచండి. పరీక్షకు పంపమని కమిషన్‌ను అడిగే వీలుంది.

కేసు విజయవాడలో వేయక్కర్లేదు. మీరు నివసించే జిల్లాలోనే వేయవచ్చు కాబట్టి గుంటూరు జిల్లా కమిషన్ చాలు. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. వినియోగదారుల ఫిర్యాదుల కోసం ఉన్న ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు, లాయరు తప్పనిసరి కాదు. నోటీసు అందాక అవతలివారికి జవాబుకు 30 రోజులు, మహా అయితే మరో 15.

పది లక్షలు అడగకండి. 44,500, దానిపై వడ్డీ, మానసిక వేదనకు ఒక 50,000, ఖర్చులు అడగండి. తప్పిపోయిన సంబంధం గురించి ఒక్క వాక్యం రాస్తే చాలు. పాత ఈసీఎం తిరిగి ఇప్పించమని కూడా ఒక కోరిక చేర్చండి. అది ఎక్కడుందో గ్యారేజీ అతను ప్రమాణం చేసి చెప్పాల్సి వస్తుంది.