ఒక్క అడుగు పట్ కిమ్ ఇన్-క్యుంగ్ కెరీర్‌ని ముంచేసిందా?

ముంచలేదండీ. కిమ్ దక్షిణ కొరియా గోల్ఫర్. పట్ అంటే బంతిని మెల్లగా దొర్లించి కప్పులో వేసే దెబ్బ. గోల్ఫ్ నేర్చుకుంటున్న మీ అమ్మాయి ఆ పట్ తప్పిన వీడియో చూసి, "ఒక్క పట్‌తో ఈవిడ పని అయిపోయిందట" అని బెంగపెట్టుకుందని రాశారు. ఆ వీడియో పెట్టేవాళ్లంతా కథని అక్కడితో ఆపేస్తారు, అదీ చిక్కు. నేను ఉండేది ఒహాయోలో. టొలీడో పక్కన సిల్వేనియాలో అప్పట్లో జరిగే ఎల్పీజీఏ (మహిళల ప్రొఫెషనల్ గోల్ఫ్) టోర్నీకి వాలంటీరుగా వెళ్లేవాణ్ణి కాబట్టి తెలిసింది చెప్తాను.

ముందు ఆ పట్ సంగతి. 2012 ఏప్రిల్ 1, కాలిఫోర్నియాలో మిషన్ హిల్స్ కోర్సు, క్రాఫ్ట్ నబిస్కో చాంపియన్‌షిప్. అంటే మేజర్, అన్నిటికంటే పెద్ద టోర్నీల్లో ఒకటి. ఆఖరి రోజు, ఆఖరిదైన 18వ హోల్. అప్పటికి కిమ్‌కి 23 ఏళ్లు. బంతి కప్పుకి ఒక్క అడుగు దూరంలో ఉంది. వేసేస్తే 10 అండర్‌తో, అంటే కోర్సుకి లెక్కకట్టిన స్ట్రోకుల (పార్) కంటే పది తక్కువతో, టైటిల్ ఆవిడదే. బంతి కుడి అంచు పట్టుకుని గిర్రున తిరిగి బయటికి వచ్చేసింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడిపోయిన ఆ ఫొటో చూసే ఉంటారు. స్కోరు 9 అండర్‌కి పడి, యూ సన్-యంగ్‌తో సమమైంది. ప్లేఆఫ్ (సమమైతే ఆడే అదనపు హోళ్లు) మొదటి హోల్‌లోనే యూ బర్డీ (పార్ కంటే ఒక స్ట్రోకు తక్కువ) కొట్టి, అక్కడి ఆనవాయితీ ప్రకారం గ్రీన్ (కప్పు ఉండే నున్నటి గడ్డి) పక్కనున్న కొలనులోకి దూకింది.

ఇక్కడి నుంచి జనం చెప్పే కథకీ స్కోర్లకీ పొంతన లేదు. మరుసటి ఏడాదే, 2013లో, లాంగ్ ఐలాండ్‌లోని సెబొనాక్‌లో జరిగిన యూఎస్ ఓపెన్‌లో కిమ్ రెండో స్థానంలో నిలిచింది. ఆ వారం పార్ కంటే తక్కువ కొట్టినవాళ్లు ముగ్గురే, ముగ్గురూ కొరియా వాళ్లే. గెలిచింది పార్క్ ఇన్‌బీ. పని అయిపోయిన మనిషి ఆడే ఆటేనా అది? అసలు దెబ్బలు వేరేచోట తగిలాయి. 2013 కియా క్లాసిక్ ప్లేఆఫ్‌లో బియాత్రిజ్ రెకారి చేతిలో, 2014లో పోర్ట్‌లాండ్ ప్లేఆఫ్‌లో ఆస్టిన్ ఎర్న్‌స్ట్ చేతిలో ఓడిపోయింది. గెలుపు అంచుదాకా వెళ్లి చెయ్యి జారడం మాటిమాటికీ జరిగింది. నన్నడిగితే ఆ ఒక్క పట్ కంటే ఇదే మనిషిని ఎక్కువ నలిపేస్తుంది. 2010 నవంబరులో మెక్సికోలో లొరెనా ఒచోవా ఇన్విటేషనల్ గెలిచి, ప్రైజ్ మనీ 2 లక్షల 20 వేల డాలర్లూ దానమిచ్చేసింది. ఆ తర్వాత ఎల్పీజీఏ గెలుపు 2016 అక్టోబరులో బీజింగ్‌లోగానీ దక్కలేదు. దాదాపు ఆరేళ్లు!

గోల్ఫ్ ఆడనివాళ్లకి అడుగు పట్ పోవడం వింతగా ఉంటుంది. స్నేహితులతో ఆడేటప్పుడు అంత దగ్గరుంటే "గిమ్మీ" అని వదిలేస్తాం, కొట్టనక్కర్లేదు. టోర్నీలో అలా కుదరదు. 250 గజాల డ్రైవ్ ఎంతో, అడుగు పట్ కూడా అంతే, ఒక స్ట్రోకు. "క్వైట్" అని రాసిన పలక పట్టుకుని గ్రీన్ పక్కన తాడు దగ్గర నిలబడితే టీవీలో సరిగ్గా కనపడనిది ఒకటి కనిపిస్తుంది. పొడుగు పట్ కప్పు పక్కన ఆగాక కూడా చాలామంది ప్రొఫెషనల్స్ తొందరపడరు. వెనక గుర్తుగా నాణెం పెట్టి, బంతి తీసి తుడిచి, మళ్లీ పెట్టి, దాని మీది గీత సరిచూసుకుని, అప్పుడు కొడతారు. అదీ పూర్తి క్షేమం కాదు సుమా. అదే మిషన్ హిల్స్‌లో 2017లో అమెరికా క్రీడాకారిణి లెక్సీ థాంప్సన్ ఇలాంటి చిన్న పట్‌కే నాణెం పెట్టి, బంతిని కొంచెం పక్కకి పెట్టింది. టీవీ చూసిన ఎవరో ఈమెయిల్ పంపారు. మర్నాడు ఆట మధ్యలో నాలుగు స్ట్రోకుల పెనాల్టీ వేశారు. ఆవిడ ప్లేఆఫ్‌లో ర్యూ సో-యన్ చేతిలో ఓడింది.

ఆ ఏడాది జులైలో మా సిల్వేనియాలోని హైలాండ్ మెడోస్ కోర్సులో మారథాన్ క్లాసిక్, నేను వాలంటీరుగా వెళ్లే ఆ టోర్నీయే. జనం ఎక్కువగా లెక్సీ వెంటే ఉన్నారు. పెనాల్టీ తర్వాత ఆ అమ్మాయి మీద అందరికీ జాలి. కిమ్ ఆఖరి రోజు 63 కొట్టి, 21 అండర్‌తో నాలుగు స్ట్రోకుల తేడాతో గెలిచింది. రెండో స్థానం లెక్సీది. ఇదే కోర్సులో 2010లో కిమ్ ప్లేఆఫ్‌లో ఓడిపోయిన సంగతి మాలో పాత వాలంటీర్లకి బాగా గుర్తు. లెక్సీ టోపీలు పెట్టుకున్నవాళ్లు కూడా చప్పట్లు కొట్టారు.

రెండు వారాలకే, ఆగస్టు 6న, స్కాట్లాండ్‌లోని కింగ్స్‌బార్న్స్‌లో బ్రిటిష్ ఓపెన్ గెలిచింది. 29 ఏళ్లకి మొదటి మేజర్. ఆ సీజన్‌లో మూడో టైటిల్. జూన్‌లో షాప్‌రైట్ క్లాసిక్ కూడా ఆవిడదే.

తర్వాత మళ్లీ దిగుడే, దాచడం ఎందుకు. 2019లో మిషన్ హిల్స్‌లోనే రెండో రోజు 65 కొట్టి మూడు స్ట్రోకుల ఆధిక్యంలోకి వచ్చింది. చివరికి గెలిచింది కో జిన్-యంగ్. కింగ్స్‌బార్న్స్ తర్వాత కిమ్‌కి మరో ఎల్పీజీఏ టైటిల్ రాలేదు.

మీ అమ్మాయికి కింగ్స్‌బార్న్స్ ఆఖరి రౌండ్ చూపించండి. ఆరు స్ట్రోకుల ఆధిక్యంతో మొదలైంది. ముందు ఆడుతున్న జోడీ యూవర్ట్ షాడాఫ్ 64 కొట్టేసరికి, చివరికి మిగిలింది రెండే. ఎవరికైనా టెన్షన్ పట్టుకునే పరిస్థితి. కిమ్ ఆ రోజు కొట్టింది 71, అద్భుతమేమీ కాదు. పెద్ద తప్పులు చెయ్యకుండా హోల్ తర్వాత హోల్ ఎలా లాక్కొచ్చిందో చూడమనండి. ప్రాక్టీసులో అడుగు పట్‌లకి కూడా నాణెం పెట్టి, బంతి సరిగ్గా అదే చోట పెట్టి కొట్టడం ఇప్పటి నుంచే అలవాటు చేయించండి.